వరదొస్తే పడవ కావాలి, పాస్టర్ ఎందుకు? విపత్తుల్లో చాప్లిన్లు, చర్చి వాలంటీర్లు అసలు చేసే పని

ఈ ఎపిసోడ్ టాపిక్ ఎక్కడ మొదలైందో ముందు చెప్తాను. మొన్న ఒక తమ్ముడు నన్ను డైరెక్ట్‌గా అడిగాడు. "అన్నా, వరదొచ్చిన ఊరికి పడవ కావాలి, డాక్టర్ కావాలి, కరెంటోళ్ళు కావాలి. పాస్టర్ ఎందుకన్నా? అక్కడికెళ్ళి ఏం చేస్తారు?" అని.

మంచి ప్రశ్న. దీనికి రెండు రెడీమేడ్ జవాబులు ఉన్నాయి. ఒకరు "సేవ చేస్తారు, అంతే" అంటారు. ఇంకొకరు "మతం మార్చడానికి వెళ్తారు, అంతే" అంటారు. రెండూ ఒక్క లైన్‌లో అయిపోతాయి. రెండింటితోనూ మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అందుకే ఇవాళ ఈ పని ఎలా పుట్టింది, ఎలా జరుగుతుంది, ఎక్కడ బాగా జరిగింది, ఎక్కడ చెడిపోయింది, దానికి రూల్స్ ఏంటి, ఇవన్నీ వరసగా మాట్లాడుకుందాం. మీరు ఏ మతం వాళ్ళైనా, ఏ మతమూ లేకపోయినా, చివర్లో మీకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. అక్కడిదాకా ఉండండి.

ముందు ఆ మాట సంగతి

చాప్లిన్ అనగానే మనకు చార్లీ చాప్లిన్ గుర్తొస్తాడు కదా. నవ్వకండి, ఆయన ఇంటిపేరు కూడా ఈ మాట నుంచే వచ్చింది. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సైనికుడు ఉండేవాడు. తర్వాత ఆయనే ఫ్రాన్స్‌లో టూర్ అనే పట్టణానికి బిషప్ అయ్యాడు. ఆయన గురించి ఒక కథ చెప్తారు. చలికాలంలో ఆమియాన్ పట్టణం గేటు దగ్గర ఒంటి మీద బట్ట లేని బిచ్చగాడు కనిపించాడట. మార్టిన్ కత్తి తీసి తన పైవస్త్రాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క అతనికి కప్పాడట. ఆ మిగిలిన ముక్కని తర్వాతి కాలంలో రాజులు దాచుకున్నారు. లాటిన్‌లో చిన్న పైవస్త్రాన్ని 'కపెల్లా' అంటారు. దాన్ని కాపాడే గురువు 'కపెల్లానుస్'. అందులోంచే చాపెల్, చాప్లిన్ అనే మాటలు వచ్చాయి.

ఇప్పటి అర్థం ఏంటంటే, గుడి లోపల కాకుండా బయట పనిచేసే గురువు. హాస్పిటల్, జైలు, సైన్యం, ఫైర్ స్టేషన్, ఇలాంటి చోట్ల ఉంటాడు. పాస్టర్‌కి ఒక సంఘం ఉంటుంది, ఆదివారం వాళ్ళే వస్తారు. చాప్లిన్‌కి అలా కాదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళే అతని మనుషులు. వాళ్ళు ఏ మతమో అడిగి పని మొదలుపెట్టడు. ఇది మనకు కొత్తేమీ కాదు. వెల్లూరు సీఎంసీ హాస్పిటల్‌లో చాప్లిన్లు ఉన్నారు. మన ఇండియన్ ఆర్మీలో మత గురువుల పోస్టులు ఉన్నాయి: పండిత్, గ్రంథి, మౌల్వీ, పాద్రే. సైనికుడు మంచు కొండ మీద ఉన్నప్పుడు అతని మనసు చూసుకోవడం కూడా డ్యూటీలో భాగమని సైన్యమే ఒప్పుకున్నట్టు కదా.

మొదటి నంబర్ ఎవరిది?

ఇప్పుడు న్యూయార్క్ వెళ్దాం. 2001 సెప్టెంబర్ 11. ఫాదర్ మైకల్ జడ్జ్ వయసు అప్పటికి 68. ఫ్రాన్సిస్కన్ సభకి చెందిన కాథలిక్ గురువు. 1992 నుంచి న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి చాప్లిన్. అంటే మంటల్లో ఎవరైనా ఫైర్‌మన్ గాయపడితే ఆస్పత్రికి వెళ్ళడం, చనిపోతే ఇంటికెళ్ళి భార్యాపిల్లలతో కూర్చోవడం ఆయన పని.

దానికి 5 ఏళ్ళ ముందు, 1996 జూలై 17న, టీడబ్ల్యూఏ 800 విమానం న్యూయార్క్ దగ్గర సముద్రంలో కూలిపోయి 230 మంది చనిపోయారు. వాళ్ళ బంధువులందరినీ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక హోటల్లో ఉంచారు. ఫాదర్ జడ్జ్ రోజుల తరబడి ఆ హోటల్‌కి వెళ్ళి వాళ్ళతో గడిపాడు. అదే ఏడాది అమెరికాలో ఒక చట్టం కూడా వచ్చింది. విమానం కూలితే చనిపోయినవాళ్ళ కుటుంబాలను ఎవరు చూసుకోవాలి, వాళ్ళకు సమాచారం ఎవరు చెప్పాలి, స్మారక ప్రార్థన ఎలా జరపాలి, ఇవన్నీ గాలికి వదిలేయకుండా చట్టంలోనే రాశారు.

సరే, సెప్టెంబర్ 11 ఉదయం. టవర్లు తగలబడుతున్నాయని తెలియగానే ఫాదర్ జడ్జ్ తన వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. నార్త్ టవర్ లాబీలో ఫైర్ అధికారులు ఉన్నారు. ఆయనా అక్కడే ఉన్నాడు, ప్రార్థన చేస్తూ. 9 గంటల 59 నిమిషాలకి పక్కనున్న సౌత్ టవర్ కూలింది. ఆ శిథిలాలు ఈ లాబీలోకి దూసుకొచ్చాయి. అక్కడే ఆయన చనిపోయాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. దగ్గర్లో ఉన్న సెయింట్ పీటర్స్ చర్చికి తీసుకెళ్ళి బలిపీఠం ముందు పడుకోబెట్టారు. ఆ రోజు మృతుల రికార్డులో నంబర్ 1 ఆయనదే. ఆ రోజు 343 మంది ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు పోయారు. ఇన్నేళ్ళూ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఓదార్చిన మనిషి కూడా ఆ లెక్కలోనే ఉన్నాడు.

ఇక్కడ నాకు ముఖ్యంగా అనిపించింది ఆయన చావు కాదు. ఆయన ఆ లాబీలో ఎందుకు ఉన్నాడన్నది. ఆయన దగ్గర గొట్టం లేదు, గొడ్డలి లేదు. కానీ మేడ ఎక్కబోతున్న ఫైర్‌మన్‌కి "మన ఫాదర్ ఇక్కడే ఉన్నారు" అనే ధైర్యం ఉంది. ఈ పనికి ఇంగ్లిష్‌లో ఒక పేరు ఉంది, 'మినిస్ట్రీ ఆఫ్ ప్రెజెన్స్' అంటారు. తెలుగులో సింపుల్‌గా చెప్పాలంటే, పక్కన ఉండటం.

చర్చి బెంచీ మీద పాదాల వైద్యం

ఆ టవర్లకి ఎదురుగానే సెయింట్ పాల్స్ చాపెల్ అని ఒక పాత చర్చి ఉంది. 1766లో కట్టింది. అంత పెద్ద టవర్లు కూలినా దానికేమీ కాలేదు. తర్వాత 8 నెలలకు పైగా ఆ చర్చి శిథిలాలు తీసేవాళ్ళకి విశ్రాంతి గది అయిపోయింది. రాత్రీ పగలూ తెరిచే ఉండేది. వేడి భోజనం, మంచాలు, దుప్పట్లు, కొత్త సాక్సులు, ఒళ్ళు పట్టేవాళ్ళు, ఊరికే కూర్చుని మాట వినేవాళ్ళు, అందరూ వాలంటీర్లే.

ఆ చర్చిలో జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న ప్రత్యేకమైన బెంచీ ఒకటుంది. అమెరికా మొదటి ప్రెసిడెంట్ కూర్చున్న చోటు అది. ఆ చోటనే పాదాల డాక్టర్లు కూర్చుని, వేడికి, బూట్లలో నానిపోయి పుండ్లు పడిన ఫైర్‌మన్ల కాళ్ళకి కట్లు కట్టారు. మ్యూజియంలో తాడు కట్టి "ముట్టుకోవద్దు" అని బోర్డు పెట్టే వస్తువుని వాడేసుకున్నారు. చర్చి మంచి పని చేసింది అంటే నాకు ముందు ఈ బెంచీయే గుర్తొస్తుంది.

చాప్లిన్ రోజంతా ఏం చేస్తాడు?

ఇప్పుడు పనిలోకి వద్దాం. ప్రార్థన చేయించడం అనేది ఇందులో చిన్న భాగం. అదీ ఎదుటివాళ్ళు అడిగితేనే.

ఒకటి, చావు కబురు చెప్పడం. ఇది చాలా కష్టమైన పని. మన దగ్గర ఎలా చెప్తాం? "సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరి రండి" అంటాం. వాళ్ళు దారంతా దేవుళ్ళకి మొక్కుకుంటూ వస్తారు. ఊరి మొదట్లో టెంట్ చూసి తెలుసుకుంటారు. మనం మంచికే అలా చేస్తాం, కాదనను. కానీ ఈ పనిలో శిక్షణ పొందినవాళ్ళు వేరేలా చెప్తారు. ఫోన్‌లో కాదు, ఇంటికెళ్ళి. ఒక్కరు కాదు, ఇద్దరు. నిలబెట్టి కాదు, కూర్చోబెట్టి. "లేరు", "దూరమయ్యారు" లాంటి మాటలు కాదు, "చనిపోయారు" అనే మాట. ఎందుకంటే ఆ షాక్‌లో సగం మాట చెప్తే మనసు మిగతా సగాన్ని ఆశతో నింపుకుంటుంది. చెప్పేసి వెంటనే లేచి రారు. ఎవరో ఒక బంధువు వచ్చేదాకా అక్కడే కూర్చుంటారు.

రెండు, గుర్తుపట్టడానికి వచ్చిన కుటుంబం పక్కన నడవడం. మార్చురీ వరండాలో ఒక్కరే నిలబడటం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. చాప్లిన్ అక్కడ వాళ్ళ తరఫున అధికారులతో మాట్లాడతాడు. ముస్లిం కుటుంబం అయితే త్వరగా ఖననం చేయాలని, హిందూ కుటుంబం అయితే దహనం ఎవరు చేయాలో, ఏ కర్మ ఉందో, ఆ మతం గురువుని పిలిపించడం కూడా అతని పనే. అంటే మంచి చాప్లిన్‌కి తన మతం ఒక్కటే తెలిస్తే సరిపోదు.

మూడు, సిబ్బంది. శవాలు మోసేవాళ్ళు, పోలీసులు, నర్సులు, వాళ్ళకీ నిద్రపట్టదు. పై అధికారి ముందు ఏడవలేరు, ఇంట్లో చెప్పలేరు. రిపోర్టు రాయని, ప్రమోషన్ ఆపని మనిషి ఒకరు కావాలి.

నాలుగు, మౌనం. బైబిల్లో యోబు అనే మనిషి కథ ఉంది. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్ళంతా కురుపులు. ముగ్గురు స్నేహితులు వచ్చి 7 రోజులు, 7 రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేల మీద అతని పక్కనే కూర్చుంటారు. తర్వాత నోరు తెరిచి "నువ్వేదో తప్పు చేసుంటావు" అని కారణాలు చెప్పడం మొదలుపెడతారు. అక్కడి నుంచి అంతా చెడుతుంది. కథ చివర్లో దేవుడు కోప్పడేది కూడా వాళ్ళ మీదే. చాప్లిన్ పని గురించి చెప్పాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కూర్చున్నన్నాళ్ళూ బాగానే చేశారు, వివరించబోయి పాడుచేశారు.

పసుపు చొక్కాలు, పెద్ద గిన్నెలు

చాప్లిన్లు కొద్దిమందే. అసలు జనబలం చర్చి వాలంటీర్లది. ఇది కూడా పాత కథే. 1900లో అమెరికాలో గాల్వెస్టన్ అనే ఊరిని తుఫాను తుడిచిపెట్టేసింది. అప్పుడు సాల్వేషన్ ఆర్మీ సాయానికి దిగింది. దాన్ని 1865లో లండన్‌లో విలియం బూత్ మొదలుపెట్టాడు. వాళ్ళ పెద్ద విపత్తు సాయం అక్కడి నుంచే లెక్క. 1950లో మెన్నోనైట్ చర్చిల యువకులు కాన్సాస్‌లో మొదలుపెట్టిన సంస్థ ఇప్పటికీ ముఖ్యంగా ఒక పని చేస్తుంది. కెమెరాలు వెళ్ళిపోయాక, నెలల తర్వాత వచ్చి ఇళ్ళు తిరిగి కట్టిపెడుతుంది.

1967లో టెక్సస్‌ని బ్యూలా అనే తుఫాను కొట్టింది. అక్కడి బాప్టిస్టు చర్చి మగవాళ్ళు కొందరు చిన్న చిన్న పొయ్యిల మీద వంట చేసి పెట్టారు. అదే పెరిగి పెరిగి సదరన్ బాప్టిస్టుల విపత్తు సహాయ దళం అయింది. పసుపు చొక్కాలు వేసుకుంటారు, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. 2005లో కత్రీనా తుఫాను న్యూ ఓర్లీన్స్‌ని ముంచినప్పుడు వీళ్ళు వండిన భోజనాలు కోటి దాటాయి.

కోటి భోజనాలు భక్తితో అయిపోవు ఫ్రెండ్స్. దాని వెనక సిస్టమ్ ఉంది. వంట బాప్టిస్టులది, వ్యాన్లలో తీసుకెళ్ళి పంచడం రెడ్ క్రాస్‌ది. ముందే ఒప్పందం ఉంటుంది. వాలంటీర్లకి ట్రైనింగ్, గుర్తింపు కార్డు ఉంటాయి. ఒక బృందం వంట, ఇంకో బృందం రంపాలతో పడిన చెట్లు కోయడం, ఇంకోటి ఇంట్లోంచి బురద ఎత్తిపోసి, తడిసిన గోడ పలకలు పీకేసి, బూజు పట్టకుండా మందు కొట్టడం. వీళ్ళలో చాలామంది రిటైర్ అయిన తాతలు, మామ్మలే. మన పెళ్ళిళ్ళలో వంట మేస్త్రీకి వెయ్యి మందికి ఎన్ని కిలోల బియ్యమో నోటి లెక్క ఉంటుంది కదా, అలాంటి అనుభవమే ఇది కూడా.

అసలు చర్చిలు ఇంత త్వరగా ఎలా దిగుతాయి? మాయ ఏమీ లేదు. ఒక పెద్ద హాలు ఉంటుంది. వంట పాత్రలు ఉంటాయి. ఎవరింట్లో ముసలమ్మ ఒంటరిగా ఉందో, ఎవరికి ట్రాక్టర్ ఉందో పాస్టర్‌కి తెలుసు. వారానికి ఒకసారి అందరూ కలిసే అలవాటు ఉంది. గురుద్వారా లంగర్‌కి, మసీదు కమిటీకి, ఊరి రామాలయానికి కూడా ఇదే బలం. 2018 కేరళ వరదల్లో తీరం నుంచి వేలమంది మత్స్యకారులు తమ పడవల్ని లారీల మీద ఎక్కించుకుని లోపలి జిల్లాలకి వెళ్ళి జనాన్ని కాపాడారు. అందులో అన్ని మతాల వాళ్ళూ ఉన్నారు. తీరంలోని చాలా కాథలిక్ ఊళ్ళలో ఆ కబురు అందించింది చర్చిలే. చర్చి మైకులో చెప్తే ఊరంతా వింటుంది మరి.

మన ఉప్పెన

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. మీలో కృష్ణా జిల్లా వాళ్ళుంటే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, తేదీ అడగక్కర్లేదు, వాళ్ళే చెప్తారు. సముద్రం గోడలా లేచి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్ళు సుమారు 10,000 మంది అని ప్రభుత్వ లెక్క. అంతకంటే చాలా ఎక్కువని అక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు.

అప్పుడు రకరకాల సంస్థలు వచ్చాయి. రామకృష్ణ మిషన్ వచ్చింది, ఆరెస్సెస్ వాళ్ళు వచ్చి శవాలు ఎత్తారు, చర్చిల తరఫున కాసా వచ్చింది. కాసా అంటే ప్రొటెస్టెంటు, ఆర్థడాక్స్ చర్చిల ఉమ్మడి సహాయ సంస్థ. 1947లో దేశ విభజన శరణార్థుల కోసం ఢిల్లీలో మొదలైంది. దివిసీమ తర్వాత తీరంలో తుఫాను షెల్టర్లు కట్టిన సంస్థల్లో అదీ ఒకటి. మామూలు రోజుల్లో బడిగానో, కమ్యూనిటీ హాలుగానో వాడుకునే, స్తంభాల మీద లేపిన కాంక్రీటు కట్టడాలు మీరు చూసే ఉంటారు.

మా నాన్నమ్మది ఆ చుట్టుపక్కల ఊరే. ఒకసారి అడిగాను, "అప్పుడు సాయానికి ఎవరెవరు వచ్చారే నాన్నమ్మా?" అని. ఆమెకి సంస్థల పేర్లు ఒక్కటీ గుర్తులేవు. "ఎవరో తెల్లచీర సిస్టరమ్మ ఒకామె నా తల దువ్వి జడేసిందిరా. అప్పటికి నాలుగు రోజులైంది నా తల ముట్టుకున్నవాళ్ళు లేరు" అంది. అంతే. బియ్యం ఎవరిచ్చారో గుర్తులేదు, బట్టలు ఎవరిచ్చారో గుర్తులేదు, జడ గుర్తుంది. అంటే బియ్యం ముఖ్యం కాదని కాదు, బియ్యం లేకపోతే మనిషే ఉండదు. కానీ బతికి బయటపడ్డాక మనిషికి ఇంకొకటి కూడా కావాలి.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న

మరి మతమార్పిడి సంగతి? దాటేయకుండా మాట్లాడుకుందాం. ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు.

2004 డిసెంబర్ సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో అనాథలైన 300 మంది ముస్లిం పిల్లల్ని ఒక క్రైస్తవ హోంలో పెంచుతామని అమెరికాలో ఒక మిషనరీ సంస్థ ప్రకటించింది. పెద్ద గొడవైంది, ఆ ప్లాన్ ఆగిపోయింది. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత అమెరికా చర్చిల నుంచి వచ్చిన 10 మంది 33 మంది పిల్లల్ని సరైన కాగితాలు లేకుండా బోర్డర్ దాటించబోయి అరెస్టయ్యారు. అనాథలన్న ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని తర్వాత తేలింది. మేము మంచికే చేశామని వాళ్ళు అన్నారు. మంచి ఉద్దేశం ఉంటే రూల్స్ అక్కర్లేదు అనుకోవడమే అక్కడ జరిగిన ప్రమాదం.

ఆకలితో ఉన్నవాడి చేతిలో ప్లేటు పెట్టి, ఇంకో చేతిలో కరపత్రం పెడితే అతను కాదనగలడా? కాదనలేనివాడి దగ్గర తీసుకునే ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు. ఈ మాట బయటివాళ్ళే కాదు, చర్చి సంస్థలు కూడా చెప్పాయి. 1994లో రెడ్ క్రాస్, పెద్ద సహాయ సంస్థలు కలిసి 10 పాయింట్ల ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. అందులో రెండో పాయింట్ ప్రకారం జాతి, మతం, దేశం చూడకుండా అవసరాన్ని బట్టే సాయం చేయాలి. మూడో పాయింట్ ప్రకారం ఏ రాజకీయ, మత అభిప్రాయాన్నీ ముందుకు నెట్టడానికి సాయాన్ని వాడుకోకూడదు. దాన్ని తయారుచేసినవాళ్ళలో కాథలిక్కుల కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఉన్నాయి. అమెరికాలో విపత్తు స్వచ్ఛంద సంస్థల ఉమ్మడి వేదిక కూడా ఆధ్యాత్మిక సాయం చేసేవాళ్ళకి ఇలాంటి నియమాలే పెట్టింది. అడగని ప్రసంగం, అడగని మతపుస్తకం బాధితుడి మీద రుద్దొద్దు అని.

ఇక్కడ ఇంకో వైపు కూడా చూడాలి. బాధలో ఉన్న మనిషే "నా కోసం ప్రార్థన చేయండి" అని అడిగితే? "సారీ, రూల్స్ ఒప్పుకోవు" అనడం కూడా క్రూరమే. తేడా చాలా చిన్నది, కానీ స్పష్టంగా ఉంది. తలుపు ఎవరు తీశారు? బాధితుడు తీస్తే లోపలికి వెళ్ళొచ్చు. మనం తోసుకుని వెళ్ళకూడదు. ఏ సంస్థనైనా మీరు ఈజీగా పరీక్షించొచ్చు. ప్రార్థనకి రానివాళ్ళకీ అదే బియ్యం, అంతే బియ్యం అందుతోందా? లైన్లో మతం పేరు అడుగుతున్నారా? ఏడుస్తున్న మొహాల్ని ఫోటో తీసి పోస్ట్ చేస్తున్నారా? ఇది చర్చికే కాదు, ఏ గుడికైనా, ఏ పార్టీకైనా, ఏ ఫ్యాన్స్ అసోసియేషన్‌కైనా ఇదే కొలత.

మీ వంతు వస్తే

చివర్లో పనికొచ్చే విషయం అన్నాను కదా. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మీలో చాలామంది పులిహోర పొట్లాలు, వాటర్ బాటిళ్ళు పట్టుకుని వెళ్ళారు. గ్రేట్. కానీ పొట్లం ఇచ్చాక అక్కడ ఒక పెద్దాయన మీ చెయ్యి పట్టుకుని ఏడిస్తే ఏం చేయాలి? చాలామందికి తెలీదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స మీద ఒక గైడ్ తెచ్చింది. దాన్ని కలిసి రాసినవాళ్ళలో వరల్డ్ విజన్ అనే క్రైస్తవ సంస్థ ఉంది. కానీ ఆ గైడ్‌లో మతం నేర్పేది ఏమీ లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. మూడే మాటలు: చూడు, విను, కలుపు.

చూడు అంటే, ముందు అక్కడ సేఫ్‌గా ఉందా, కరెంటు తీగలున్నాయా, ఎవరికి అర్జెంట్‌గా ఏం కావాలో చూడు. ఒక మూల కదలకుండా కూర్చున్న మనిషిని కూడా చూడు.

విను అంటే, పక్కన కూర్చుని పేరు చెప్పి, "ఇప్పుడు మీకు ఏం కావాలండి?" అని అడుగు. చెప్పింది విను. "అసలేం జరిగింది, మొత్తం చెప్పండి" అని తవ్వొద్దు. జరిగిందంతా వెంటనే బలవంతంగా చెప్పించడం వల్ల మేలు జరగదని, అలా చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. "అంతా దేవుడి ఇష్టం", "మీరే నయం, పక్కింటోళ్ళకి ఇంకా ఎక్కువ పోయింది", "ఏడవకండి" ఈ మూడూ వద్దు. యోబు స్నేహితుల్ని గుర్తుంచుకోండి.

కలుపు అంటే, వాళ్ళకి కావాల్సిన చోటుకి చేర్చు. ఫోన్ చార్జింగ్ పెట్టించి కూతురితో మాట్లాడించు. బీపీ మాత్రలు ఎక్కడ ఇస్తున్నారో చూపించు. రేషన్ కార్డు తడిసిపోతే సచివాలయంలో ఎవర్ని కలవాలో కనుక్కుని చెప్పు. తెలీకపోతే "కనుక్కుని వస్తాను" అని చెప్పు, చెప్పాక తిరిగి రా. నిలబెట్టుకోలేని మాట ఇవ్వొద్దు. వారాలు గడిచినా నిద్రపట్టకపోతే, బతకాలని లేదంటే, టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇప్పుడే సేవ్ చేసుకోండి.

అలాగే సొంతంగా పడవేసుకుని బయల్దేరొద్దు. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌కో, పనిచేస్తున్న సంస్థకో పేరు ఇచ్చి వెళ్ళండి. పాత బట్టల మూటలు తోలొద్దు, అవి చివరికి రోడ్డు మీద కుప్పలవుతాయి. తిరిగొచ్చాక మీకే రెండు రోజులు అన్నం సహించకపోవచ్చు, అది మామూలే. ఎవరితోనైనా మాట్లాడండి.

ఆ తమ్ముడికి నా జవాబు ఇది. ముందు పడవే వెళ్ళాలి, అందులో డౌట్ లేదు. డాక్టర్ వెళ్ళాలి, కరెంటోళ్ళు వెళ్ళాలి. కానీ పడవ ఒడ్డుకి చేర్చాక, ఒడ్డున దిగిన మనిషి పక్కన రెండు గంటలు కూర్చోవడానికి కూడా ఎవరో ఒకరు ఉండాలి. అది పాస్టరే కానక్కర్లేదు. ఆ పనిని పద్ధతిగా నేర్చుకుని, ఎదురేమీ అడక్కుండా చేసేవాళ్ళు ఎవరైనా సరే. చర్చిల్లో అలాంటివాళ్ళు ఉన్నారు, అలా కానివాళ్ళూ ఉన్నారు. తేడా ఎలా పట్టుకోవాలో ఇప్పుడు మీకు తెలుసు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉప్పెనో, వరదో చూసి ఉంటే, ఈ వారం ఒక్కసారి అడగండి. "సాయానికి వచ్చినవాళ్ళలో నీకు ఎవరు గుర్తున్నారు?" అని. ఊరికే వినండి, మధ్యలో ఫోన్ చూడకండి. వచ్చే ఎపిసోడ్‌లో తుఫాను షెల్టర్లు ఎలా కడతారో, ఇప్పుడు వాటిలో ఎన్ని తాళాలేసి ఉంటున్నాయో మాట్లాడుకుందాం. ఉంటాను, జాగ్రత్త.